పాత ఇంజను, అబ్బాజాన్ నోటుపుస్తకం

గుంటూరులో మా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో ఒక అంబాసిడర్ కారు పదకొండేళ్లపాటు కదలకుండా నిలిచిపోయింది. మా దాదాజాన్ 1981లో కొన్న కారు అది. తొలి రిజిస్ట్రేషన్ 1976 నాటిది, మార్క్ 3 నమూనా. పక్షవాతం వచ్చి అబ్బాజాన్ కుడి చెయ్యీ, కుడి కాలూ స్వాధీనం తప్పిన నాటి నుండి దానిని నడిపినవారు లేరు. ప్రతి ఈద్‌కూ మేము ముగ్గురు అన్నదమ్ములమూ ఒకచోట చేరినప్పుడు దానిని ఏం చేయాలన్న ప్రస్తావన వచ్చేది. పాత ఇనుము వ్యాపారి రెండుసార్లు వచ్చి, చూసి, ధర చెప్పి వెళ్లాడు. రెండుసార్లూ అబ్బాజాన్ ఎడమ చేతితోనే వద్దని సైగ చేశారు.

గత వర్షాకాలంలో మా ఫుప్పూ మనవరాలి నిఖా నిశ్చయమైంది. అబ్బాజాన్‌కు ఫుప్పూ ఒక్కగానొక్క చెల్లెలు. ఆ కబురు విన్న రోజు ఆయన చాలాసేపు మాటలు కూడదీసుకుని, "కారులో వెళ్దాం" అన్నారు. ఏ కారులో అని మేము అడగలేదు. నిఖాకు ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంది. మాలో పెద్ద భాయిజాన్ ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ పొందినవారు, నడిపివాడు బడిపంతులు, చిన్నవాడికి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. పని ఇంట్లోనే చేద్దామని నిర్ణయించుకున్నాము. అమ్మీ మాత్రం, షెడ్డులోని బియ్యం డబ్బాలు ముందు బయటపెట్టాకే మీ పానాలు లోపలికి రావాలని షరతు విధించారు.

ఆ ఇంజను గురించి కొంత చెప్పవలసి ఉంది. అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకు భారతీయ రూపం. కలకత్తా సమీపంలోని ఉత్తరపాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ వారు దానిని 2014 దాకా తయారు చేశారు. మా కారులో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ జాతికి చెందిన 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఇదే 1489 సీసీ ఇంజనుకు రెండు కార్బరేటర్లు తగిలించి ఆ దేశంలో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో అమర్చారంటే మన పెళ్లిళ్ల అంబాసిడర్‌ను ఎరిగినవారు నమ్మడం కష్టం. దిమ్మ, హెడ్ రెండూ పోత ఇనుమువే. క్రాంక్ షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడే మూడు. మరలన్నీ అంగుళాల కొలతవి కనుక మిల్లీమీటరు పానాలు వాటికి సరిపడవు. సరిపోయినట్టే కనిపించి నట్టు మూలలు అరగదీస్తాయి. ఈ సంగతి తెలిసి కూడా మొదటి రోజే రెండు నట్లు పాడుచేసుకున్నాము.

పదకొండేళ్లు నిలిచిన ఇంజనుకు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం కంటే పెద్ద తప్పు మరొకటి లేదు. రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కుని ఉంటే విరిగిపోతాయి. అందుచేత ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి మూడు రోజులు వదిలేశాము. నాలుగో రోజు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇద్దరం నెమ్మదిగా తిప్పితే ఇంజను కదిలింది. తరువాత బానెట్ విప్పి, ఇంజనును బయటకు తీశాము. షెడ్డు దూలాన్ని నమ్మలేదు. జీఐ పైపులతో ముక్కాలి చేయించి దానికి చైన్ కప్పీ వేలాడదీశాము. ఇంట్లో ఇటువంటి పని తలపెట్టేవారు ఎవరైనా ఈ ఒక్క విషయంలో పొదుపు చూడకూడదు. వేలాడుతున్న ఇంజను కింద చెయ్యి పెట్టవలసిన సందర్భం తప్పక వస్తుంది.

విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాము. ట్యాపెట్లు, పుష్ రాడ్లు, వాల్వులు ఏ స్థానంలోవి ఆ స్థానంలోకే తిరిగి వెళ్లాలి. అవి దశాబ్దాలుగా ఒకదానితో ఒకటి రాసుకుని ఒదిగిన జతలు. బడిపంతులుకు ఈ పని బాగా నచ్చింది. పాత పరీక్షా పత్రాల వెనుకవైపు నంబర్లు రాసి అంటించాడు. అబ్బాజాన్ కుర్చీని ప్రతి సాయంత్రం అసర్ తరువాత షెడ్డు గుమ్మంలో వేసేవాళ్లం. ఆయన మాట్లాడేది తక్కువ. శబ్దాలు వినేవారు.

ఇక్కడే నోటుపుస్తకం ప్రసక్తి వచ్చింది. కారుకు పెట్టిన ప్రతి పైసా అబ్బాజాన్ ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి ఉంచారు. ఆయిలు మార్చిన తేదీలు, టైర్లు, బ్యాటరీలు అన్నీ అందులో ఉన్నాయి. 1989లో ఒక పంక్తి: ఇంజను పూర్తిగా విప్పి, బోరు 20 థౌ పెద్దది చేయించి, కొత్త పిస్టన్లు వేయించినట్టు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. లేత్ షాపుల లెక్క అదే. అరిగిన సిలిండరును గుండ్రంగా తరిగి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేయడమే బోరు చేయడం. ఆ పని చేసిన ఉస్తాద్ మా పేటలో పేరున్నవారు, దాదాజాన్‌కు స్నేహితులు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

సిలిండరులో కొలతలు తీసినప్పుడు పెద్ద భాయిజాన్ ముఖం మారిపోయింది. పిస్టన్ రింగులు నడిచినంత మేరా గోడ అరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువ అరుగుదల పైభాగంలో ఉంటుంది. అడుగున రింగులు చేరని చోట మాత్రం బోరు చేసిన నాటి కొలత అలాగే మిగిలి ఉంటుంది. 20 థౌ బోరు చేసి ఉంటే అక్కడ 73.53 మిల్లీమీటర్లు రావాలి. నాలుగు సిలిండర్లలోనూ 73.02 వచ్చింది. అంటే కర్మాగారం నుండి వచ్చిన నాటి కొలత. పిస్టన్ల తలపై సైజు పెంచిన గుర్తు ఏదీ లేదు. ఆ దిమ్మ ఎన్నడూ బోరింగ్ యంత్రం ఎక్కలేదు. పాత పిస్టన్లకు కొత్త రింగులు మాత్రం వేసి ఇచ్చారన్నమాట.

ఆ తరువాతి ఏళ్లన్నీ మాకు గుర్తుకు వచ్చాయి. వెనుక నీలిపొగ వదులుతూ నడిచిన కారు, డిక్కీలో ఎప్పుడూ ఉండే ఆయిలు డబ్బా, అబ్బాజాన్ తన జీతం నుండి మళ్లీ మళ్లీ కొన్న ఆయిలు. డబ్బు తీసుకుని పని చేయకుండా స్నేహితుని కుమారుడినే మోసగించాడని ఆ ఉస్తాద్‌ను మేము చాలా మాటలు అన్నాము, అన్నీ ఆయన వెనుకే. మరణించిన వ్యక్తి సమాధానం చెప్పుకోలేడన్న స్పృహ ఆ కోపంలో మాకు కలుగలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఉస్తాద్ కుమారుడు మా ఊళ్లోనే లేత్ షాపు నడుపుతున్నాడు. ధర అడిగే నెపంతో వెళ్లి, కొలతల కాగితం ఆయన ముందు పెట్టి, "ఇదిగో, మీ నాన్నగారి పనితనం" అన్నాము. ఆయన కాగితం చూశాడు. ఏమీ అనలేదు. యంత్రం వైపు తిరిగి తన పని తాను చేసుకున్నాడు. మేము దిమ్మను, క్రాంక్‌ను, హెడ్‌ను ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ తీసుకువెళ్లాము.

అబ్బాజాన్‌కు ఈ సంగతి చెప్పలేదు. చెప్పకుండా ఉండడమే దయ అనుకున్నాము.

విజయవాడలో దిమ్మను 20 థౌ బోరు చేశారు. పిస్టన్ సైజు పెరగడంతో ఇంజను సామర్థ్యం 1489 నుండి సుమారు 1510 సీసీకి చేరింది. ఇది పెంచాలని పెంచింది కాదు, అరుగుదల పోగొట్టగా వచ్చింది. పెంచే విషయంలోనే మాలో వాదన జరిగింది. 1990ల అంబాసిడర్లలో వచ్చిన 1800 సీసీ ఇసుజు ఇంజను, దానితోపాటు ఐదు గేర్ల పెట్టె తెచ్చి బిగించేద్దామన్నది భాయిజాన్ మొదటి ఆలోచన. అది చెడ్డ ఆలోచనేమీ కాదు, ఎందరో చేశారు. అయితే ఇంజను మారిస్తే ఆర్‌సీలోని ఇంజను నంబరు మారుతుంది, అందుకు రవాణా శాఖ ముందస్తు అనుమతి కావాలి. మరొక సంగతి కూడా ఉంది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసినవాటికి ఆ అర్హత ఉండదు. అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు వాడకూడదన్న షరతు కూడా ఉంది. మాకు ఆ నంబరు ప్లేటుపై మోజు లేదు గాని, ఆ దారిని మా చేతులతో మేమే మూసివేయడం ఇష్టం లేకపోయింది.

హెడ్‌ను బాగా తరిగి కంప్రెషన్ పెంచుదామన్న రెండో ప్రతిపాదనను కూడా పక్కన పెట్టాము. మూడు బేరింగుల క్రాంక్ మీద, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న కారులో, అదనపు శక్తి ఎవరి కోసం? చదును కావడానికి ఎంత అవసరమో అంతే తరగమన్నాము.

చేయవలసిన మార్పులు వేరే ఉన్నాయి. అవి వేగం కోసం కాదు, ఈనాటి పెట్రోలు కోసం. వెనకటి పెట్రోలులో సీసం కలిపేవారు. అది మండగా మిగిలిన పూత ఎగ్జాస్ట్ వాల్వుకూ, అది కూర్చునే ఇనుప గద్దెకూ మధ్య మెత్తలా పనిచేసేది. మన దేశంలో 2000 సంవత్సరం నుండి సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. ప్రజల ఆరోగ్యానికి అది మేలే. కాని మెత్తని పోత ఇనుము గద్దెల మీద ఎర్రగా కాగిన వాల్వు పదేపదే పడుతూ కొద్దికొద్దిగా లోపలికి తినేస్తుంది; ట్యాపెట్ సందు మూసుకుపోయి వాల్వు కాలిపోతుంది. మా హెడ్‌లో నాలుగో సిలిండరు వాల్వుకు జరిగింది ఇదే. పాత గద్దెలను చెక్కించి, గట్టి ఉక్కు వలయాలు దిగ్గొట్టించాము. పాత పెట్రోలు ఇంజను బాగుచేయించే ప్రతివారూ ముందుగా ఖర్చు పెట్టవలసింది ఇక్కడే అని మా అభిప్రాయం.

రెండోది ఇథనాలు. ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న ఇథనాలు పాత రబ్బరును ఉబ్బించి, మెత్తబరచి, చివరకు పగలగొడుతుంది. పెట్రోలు పంపులోని డయాఫ్రం, ట్యాంకు నుండి కార్బరేటర్ దాకా ఉన్న గొట్టాలు అన్నీ దానిని తట్టుకునే రకానివి వేశాము. వేడి ఇంజను పక్కన పెట్రోలు గొట్టం చిట్లడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

మిగిలిన రెండు మార్పులు మా చిన్నవాడివి. మెకానిక్కులు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు తీసివేసి, ఆ మూత లోపలే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చాడు. బయటికి ఏ తేడా కనిపించదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు చార్జి ఇవ్వలేని పాత డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ బిగించాడు. పాత పాయింట్లను, డైనమోను నూనె గుడ్డలో చుట్టి దాచాము.

బిగింపు పని నెమ్మదిగా సాగింది. రింగును సిలిండరులో పెట్టి కొనల మధ్య సందు ఫీలర్ గేజితో చూడడం, సందు తక్కువగా ఉంటే సన్నని ఆకురాయితో సరిచేయడం, హెడ్ నట్లను మధ్య నుండి అంచులకు వరుస తప్పకుండా మూడు విడతలుగా బిగించడం. ఇవన్నీ ఓర్పు పనులు. మాకు ఓర్పు చాలనిది ఒక్కచోటే.

బోరు చేసి, హోనింగ్ చేసిన దిమ్మలో సన్నని ఇనుప రజను, రాయి పొడి మిగులుతాయి. వాటిని పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడిస్తే పోవు, గోడ గీతల్లో ఇరుక్కుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షు పెట్టి తెల్లని గుడ్డకు మరక అంటనంత వరకు కడగాలి. వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి. దిమ్మలోని ఆయిలు దారులు, సాన పట్టిన క్రాంక్‌లోని సన్నని రంధ్రాలు మరీ ముఖ్యం. వాటిలోకి పొడవాటి బ్రష్షు దూర్చి ఇటు నుండి అటు కడగాలి. ఇది ఒక పూట పని. ఆ పని మాలో ఒకరి వంతుకు వచ్చింది. ఎవరి వంతన్నది ఇక్కడ అనవసరం. సిలిండర్లు కడిగారు; క్రాంక్ రంధ్రాల్లో గాలి కొట్టి సరిపెట్టారు. "కడిగావా?" అని అడిగితే "కడిగాను" అన్న జవాబు వచ్చింది. నిఖాకు అప్పటికి పది రోజులే మిగిలి ఉంది.

ఇంజను మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. అమ్మీ వాకిట్లోకి పరుగున వచ్చారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. తాత్కాలికంగా బిగించిన ఆయిలు ప్రెషరు మీటరు 60 పౌండ్ల దగ్గర నిలిచింది. నీలిపొగ లేదు. ఒక ఇరవై నిమిషాలు గడిచాయి. మేమందరం మాటల్లో ఉండగా అబ్బాజాన్ ఎడమ చెయ్యి పైకెత్తారు.

"ఆపు."

మాకేమీ వినిపించలేదు. మీటరు చూస్తే ముల్లు 30కి దిగి ఉంది. ఇంజను ఆపాము. మర్నాడు చాంబరు విప్పితే కొత్త బేరింగు మెటల్స్ నిండా గీతలు, వాటిలో మెరుస్తున్న రాయి పొడి, సాన పట్టిన క్రాంక్ మీద గోటికి తగిలే గాడులు.

ఆ రాత్రి షెడ్డులో జరిగింది రాయాలా వద్దా అని ఆలోచించాము. తప్పు చేసినవాడు ఒప్పుకున్నాడు. పెద్ద భాయిజాన్ పట్టరాని కోపంతో, "ఆ ఉస్తాద్‌కూ నీకూ తేడా ఏముంది? ఆయన బోరు చేయకుండా చేశానన్నాడు, నువ్వు కడగకుండా కడిగానన్నావు" అన్నారు. అబ్బాజాన్ ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. ఆయన చెవిని మేము మరచిపోయాము.

ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. దాదాజాన్ తన ఇష్టానికి విరుద్ధంగా పెళ్లి చేసుకున్న ఫుప్పూతో మాటలు మానివేసి అప్పటికి ఆరేళ్లు. 1989లో ఇంజను కోసం దాదాజాన్ అబ్బాజాన్ చేతికి డబ్బిచ్చిన వారంలోనే ఫుప్పూ పురుటికి ఆసుపత్రిలో ఉన్నట్టు, శస్త్రచికిత్సకు డబ్బు లేక ఆమె భర్త తిరుగుతున్నట్టు కబురు వచ్చింది. బోరుకు, పిస్టన్లకు ఉద్దేశించిన డబ్బు అక్కడికి వెళ్లింది. ఉస్తాద్‌తో రింగులు మాత్రం వేయమని చెప్పి, పుస్తకంలో బోరు అని రాశారు. దాదాజాన్ నెలనెలా ఆ పుస్తకం చూసేవారు. ఉస్తాద్ రింగులకు కూడా కూలి తీసుకోలేదట. దాదాజాన్ అడిగితే తన పేరు చెడినా ఊరుకుంటానన్నారట.

"ఆయనను... అనకండి," అన్నారు అబ్బాజాన్. ఇంకేమీ అనలేదు.

ఫజ్ర్ తరువాత ముగ్గురమూ ఆ లేత్ షాపుకు వెళ్లాము. తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాము. ఉస్తాద్ కుమారుడు వచ్చి తాళం తీస్తుండగానే చెప్పవలసినది చెప్పాము, క్షమించమని అడిగాము. ఆయన కొంతసేపు తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మా నాన్న ఇంట్లో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. తరువాత, "క్రాంక్ తెచ్చారా?" అని అడిగాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురుకు తిప్పి, గోటితో తడిమి, "20కి పోతుంది. నాలుగు రోజులు పడుతుంది. కడిగేది మాత్రం మా షాపులో నా కళ్ల ముందు కడగాలి" అన్నాడు. కూలి పూర్తిగా తీసుకున్నాడు. మాకు అదే నయమనిపించింది.

నిఖాకు అద్దె వ్యానులోనే వెళ్లాము. కారు ఏదని ఫుప్పూ అడిగితే పెద్ద భాయిజాన్, "ఇంకా కడుగుతున్నాం ఫుప్పూ" అన్నారు. ఆమెకు అర్థం కాలేదు. అబ్బాజాన్ నవ్వారు.

మూడు వారాల తరువాత ఇంజను మళ్లీ అందుకుంది. ఈసారి ఉస్తాద్ కుమారుడు కూడా వచ్చి మీటరు పక్కనే నిలబడ్డాడు. గంటసేపటి తరువాత, ఇంజను బాగా వేడెక్కాక కూడా, ముల్లు 50 దగ్గర కదలకుండా ఉంది. కొత్తగా బోరు చేసిన ఇంజనును మొదట్లో ఒకే వేగంతో లాగకూడదు, ఎక్కువ గేరులో ముక్కనివ్వకూడదు. కనుక తొలి 500 కిలోమీటర్లూ అబ్బాజాన్‌ను ముందు సీటులో కూర్చోబెట్టుకుని అమరావతి రోడ్డు మీద సాయంత్రపు షికార్లతోనే పూర్తిచేశాము. ఒకరోజు ఫుప్పూ కూడా వచ్చారు. 1989 సంగతి ఆమె ముందు మేమెవరమూ ఎత్తలేదు.

500 కిలోమీటర్లకు ఆయిలు మార్చిన రోజు అబ్బాజాన్ నోటుపుస్తకం తెమ్మన్నారు. 1989 పేజీ తీయించి, ఆ పంక్తి మీద వేలు పెట్టి కొట్టివేయమన్నారు. బడిపంతులు దానిని కొట్టివేసి, పైన "రింగులు మాత్రమే, కూలి తీసుకోలేదు" అని రాశాడు. తరువాత చివరి పేజీలో, అబ్బాజాన్ ఒక్కొక్క మాటే చెబుతుండగా: బోరు 20 థౌ. క్రాంక్ 10 థౌ, మళ్లీ 20 థౌ. ఎగ్జాస్ట్ గద్దెలు నాలుగు కొత్తవి. ఆయిలు మార్పు, 500 కి.మీ. హెడ్ నట్లు మళ్లీ చూడాలి.